చెయ్యి ఆపకండి, అంకుల్

రామంతాపూర్‌లో ఒక జిరాక్సు షాపు పైన, మొదటి అంతస్తులో చిన్న గది. గోడకి నాలుగు గిటార్లు, మూలన ఒక కీబోర్డు, చేతుల్లేని ప్లాస్టిక్ కుర్చీలు. శని, ఆదివారాల్లో సాయంత్రం ఐదింటికి అక్కడ ముగ్గురం కూర్చుంటాం. ఒకడికి తొమ్మిదేళ్ళు. ఒకమ్మాయికి పదమూడు. మూడోవాణ్ణి నేను, నాకు నలభై తొమ్మిది. నేర్పే కుర్రాడికి పాతికేళ్ళుంటాయేమో. నేను 'మాస్టారూ' అని పిలిస్తే మొదట్లో ఇబ్బంది పడేవాడు. అతను నన్ను 'అంకుల్' అంటాడు. మొదటి నెలంతా అతను నాకు చెప్పింది ఒకటే మాట: "చెయ్యి ఆపకండి, అంకుల్."

ఈ వ్యాసం నిజానికి మూడు పుస్తకాల గురించి. మూడూ ఇంగ్లీషువే. మూడూ, నడివయసులో వాయిద్యం పట్టుకున్న మనుషులు రాసుకున్నవే. కానీ ఆ పుస్తకాలని నేను చదివింది ఈ ఒక్క మాట చెవిలో మోగుతుండగా. కాబట్టి నా తీర్పులో ఆ గదీ, ఆ మాటా ఉంటాయి. ముందే చెప్పేస్తున్నాను.

గిటారు నాది కాదు. మా మేనల్లుడు ఎమ్మెస్‌కి వెళ్తూ మా ఇంట్లో వదిలేసి పోయాడు. ఏడాది పాటు అది బీరువా పక్కన దుమ్ము పట్టింది. ఆ ఏడాదే నేను ఉద్యోగం మానేశాను. ఇరవై మూడేళ్ళు ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్ని. నా పనేమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే, తప్పు కనబడితే ఆగడం. ఒక వత్తు లేకపోయినా ఆగాలి. పేరు తప్పు పడితే ఆగాలి. అర్ధరాత్రి ఎడిషన్ వెళ్ళిపోయే టైముకి కూడా, పేజీలో ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తే ఆగి వెనక్కి వెళ్ళాలి. ఆగనివాడు డెస్కులో పనికిరాడు. ఇరవై మూడేళ్ళ పాటు జీతం తీసుకుని మరీ ఈ విద్య నేర్చుకున్నాను.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా నాన్నగారు మాతోనే ఉంటారు. డెబ్భై తొమ్మిదేళ్ళు. పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్ళయింది. ఆయన గురించి తర్వాత చెబుతాను.

*

గిటారు గురించి తెలియనివాళ్ళకి: ఎడమచేతి వేళ్ళు తీగల్ని అదిమిపట్టి ఒక కార్డు తయారుచేస్తాయి. కుడిచెయ్యి తీగల మీద పైకీ కిందకీ ఆడుతుంది. ఆ ఆడటమే స్ట్రమ్మింగ్. చూసేవాళ్ళందరి కళ్ళూ ఎడమచేతి మీదే ఉంటాయి. కష్టమంతా అక్కడే ఉందనిపిస్తుంది. వేలి చివర్లు నొప్పెడతాయి, కాయలు కాస్తాయి, మూడు వారాలకి ఆ నొప్పి తగ్గుతుంది. ఇదంతా నాకూ జరిగింది, ఇందులో చెప్పుకోడానికి ఏమీ లేదు.

అసలు కథ కుడిచేతిది. దాదాపు ప్రతి మాస్టారూ మొదట్లోనే నేర్పే వరస ఒకటుంది: డౌన్, డౌన్-అప్, అప్-డౌన్-అప్. కాయితం మీద చూస్తే ఆరు దెబ్బలు. కానీ లెక్కపెట్టేది ఎనిమిది: ఒకటి-అండ్-రెండు-అండ్-మూడు-అండ్-నాలుగు-అండ్. అంకె దగ్గర చెయ్యి కిందకి, 'అండ్' దగ్గర పైకి. ఎనిమిదిట్లో రెండు చోట్ల శబ్దం రాదు. ఒకటి తర్వాత వచ్చే 'అండ్' దగ్గర, మళ్ళీ మూడు దగ్గర. మొదటిది పెద్ద ఇబ్బంది పెట్టదు. మూడు దగ్గరే ప్రాణం పోతుంది. చెయ్యి కిందకి వెళ్ళాలి, కానీ తీగల్ని తాకకూడదు. గాల్లో దిగిపోవాలి. దిగితేనే తర్వాతి 'అప్' సమయానికి వస్తుంది.

నేనేం చేసేవాణ్ణంటే, శబ్దం లేదు కదా అని మూడు దగ్గర చెయ్యి ఆపేసేవాణ్ణి. ఆపి, ఆలోచించి, మళ్ళీ ఎత్తేవాణ్ణి. పాట కుంటేది. తొమ్మిదేళ్ళవాడు రెండో వారానికే ఆ వరస పట్టుకున్నాడు. వాడికి గాల్లో దెబ్బ కొట్టడం ఒక ఆట. నాకు మాత్రం శబ్దం రాని పని పని కాదు.

రెండో జబ్బు ఇంకా ముదిరినది. జి కార్డు నుంచి సి కార్డుకి మారేటప్పుడు ఒక వేలు పక్క తీగ మీద పడుతుంది, బొంయ్‌మని వికారంగా మోగుతుంది. మోగగానే నా కుడిచెయ్యి ఆగిపోతుంది. ఆగమని నేను చెప్పను, అదే ఆగుతుంది. కన్ను వెనక్కి వెళ్తుంది, వేలు సర్దుతుంది, అప్పుడు ముందుకి. అంటే ఏమిటి? నేను గిటారుకి ప్రూఫు దిద్దుతున్నాను.

"తప్పు పోతే పోనివ్వండి అంకుల్. అది అయిపోయింది. చెయ్యి ఆపితే రెండు తప్పులవుతాయి."

అతను అన్నది అంతే. నేను ఇంటికొచ్చి, అలవాటు ప్రకారం, ఈ విషయం మీద ఎవరెవరు ఏమి రాశారా అని పుస్తకాలు వెతికాను.

*

మొదటిది గ్యారీ మార్కస్ రాసిన 'గిటార్ జీరో' (2012). మార్కస్ అప్పుడు న్యూయార్క్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్. నలభయ్యో పడిలోకి అడుగుపెడుతూ గిటారు పట్టాడు. తనకి పుట్టుకతోనే లయ లేదని తన మీద తనే జోకులేసుకుంటాడు. ముందు వీడియో గేములో ప్లాస్టిక్ గిటారు, ఆ తర్వాత అసలుది, ఆ తర్వాత పిల్లల మ్యూజిక్ క్యాంపులో పదకొండేళ్ళ వాళ్ళతో కలిసి బ్యాండు. ఆ క్యాంపు భాగం చదువుతుంటే మా జిరాక్సు షాపు మీది గది గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఈ పుస్తకంలో నాకు బాగా ఉపయోగపడింది గుడ్లగూబల ప్రయోగం. ఎరిక్ నూడ్సెన్ అనే స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త గుడ్లగూబలకి పట్టకాల కళ్ళద్దాలు తగిలించాడు. అవి పెట్టుకుంటే కనబడేదంతా ఒక పక్కకి జరిగిపోతుంది. చెవికి వినబడే చోటు ఒకటి, కంటికి కనబడే చోటు ఒకటి. పిల్ల గుడ్లగూబలు తొందరగానే సర్దుకున్నాయి. పెద్దవి సర్దుకోలేకపోయాయి. వయసు మీద పడితే ఇంతే అని అక్కడితో సరిపెట్టుకోవచ్చు. కానీ తర్వాత తేలిందేమిటంటే, అదే మార్పుని కొంచెం కొంచెంగా, అంచెలంచెలుగా ఇస్తే పెద్ద గుడ్లగూబలు కూడా చాలా మేరకు నేర్చుకున్నాయి. మార్కస్ తన పుస్తకానికి ఆశంతా ఇక్కడినుంచి తెచ్చుకున్నాడు. చిన్న చిన్న ముక్కలుగా తింటే ముసలి పళ్ళకీ నమలడం సాధ్యమే.

ఆశ మంచిదే. నా ఎడమచేతికి ఆ గుడ్లగూబ పనికొచ్చింది. ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి మారడాన్ని ముక్కలు చేసుకున్నాను, ఒక వేలు, తర్వాత ఇంకో వేలు, నిమిషానికి యాభై దెబ్బల వేగంలో. ఫలితం వచ్చింది. కానీ కుడిచేతిని ముక్కలు చెయ్యడం కుదరదు. సగం ఊగిన చెయ్యి ఊపు కాదు. లయని నెమ్మదిగా నేర్చుకోవచ్చు గానీ ఆగి ఆగి నేర్చుకోలేం.

మార్కస్ పుస్తకంతో నాకున్న పేచీ ఇక్కడే. అతనికి ఎక్కడ సందేహం వచ్చినా ప్రయోగశాలకి వెళ్తాడు. లేదా పేరున్న గిటారిస్టు దగ్గరికి వెళ్ళి ఇంటర్వ్యూ చేస్తాడు. ప్యాట్ మెథినీ ఉన్నాడు, టామ్ మొరెల్లో ఉన్నాడు. చదవడానికి బాగుంటుంది. ప్రతిభా ముఖ్యమా, సాధన ముఖ్యమా అన్న వాదనలో రెండూ కావాలని చెప్పే నిజాయితీ కూడా ఉంది. కానీ అతని చెయ్యి ఎక్కడ? ఒక మంగళవారం సాయంత్రం, ఎవరూ చూడనప్పుడు, పాట మధ్యలో తప్పు పడ్డప్పుడు అతని మణికట్టు ఏం చేసింది? లయ లేదని ఒప్పుకున్న మనిషి ఆ లయ ఎప్పుడు, ఎలా వచ్చిందో నాకు కళ్ళకి కట్టలేదు. 'వయసు అడ్డం కాదు' అని రుజువు చెయ్యాలన్న తొందరలో, అసలు అడ్డమేమిటో వెతకడం తగ్గింది. నాకు వయసు అడ్డం కాదు. నా నైపుణ్యమే అడ్డం. ఇరవై మూడేళ్ళు ఇంకో పని బాగా నేర్చుకున్నాను, అది దీనికి ఎదురు తిరుగుతోంది. తొమ్మిదేళ్ళవాడికి నాకన్నా చురుకైన మెదడు ఉండొచ్చు. కానీ వాడికి నా మీదున్న అసలు ఆధిక్యం అది కాదు. వాడు ఇంకా ఎక్కడా సబ్ ఎడిటరు కాదు.

*

రెండోది జాన్ హోల్ట్ రాసిన 'నెవర్ టూ లేట్' (1978). హోల్ట్ పేరు విద్య మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి తెలుసు. పిల్లలు బడిలో ఎందుకు ఫెయిలవుతారో రాసిన మనిషి. అతను సెల్లో పట్టింది నలభయ్యో ఏట. పసితనంలో అబ్బనిది ఇక జన్మలో అబ్బదన్న నమ్మకం మీద ఈ పుస్తకం మొత్తం ఒక దాడి. దాడి బలంగానే ఉంటుంది. పిల్లలు భయం వల్ల నేర్చుకోలేరని అంతకు ముందు చెప్పినవాడు, ఇక్కడ ఆ పరీక్షని తన మీదే పెట్టుకున్నాడు.

అయితే ఈ పుస్తకంలో ఎక్కువ పేజీలు సెల్లోకి ముందు తను విన్న సంగీతానికే పోతాయి. వినికిడి జ్ఞాపకాలు. విని పెరిగినవాడు వాయించగలడన్న నమ్మకం వాటి వెనక ఉంది. ఇది నన్ను ఆపింది. మరి నేనేం విని పెరిగాను?

మాది దివిసీమ. నాన్నగారు హైస్కూలు మేష్టారు, సీజనులో స్టేజి నటుడు. పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడు కట్టేవారు. తిరుపతి వేంకట కవుల పద్యం ఎత్తుకుంటే హార్మోనిస్టు ఆయన వెనకాలే నడిచేవాడు. స్టేజి పద్యానికి తాళం లేదు. వృత్తం ఉంది, గణాలున్నాయి, యతిప్రాసలున్నాయి. కానీ పాడటం మొదలయ్యాక కాలం నటుడి చేతిలోకి వచ్చేస్తుంది. ఒక అక్షరం మీద రాగం ఎంతసేపైనా తీయొచ్చు. జనం చప్పట్లు కొడితే ఆగొచ్చు. వన్స్‌మోర్ అంటే వెనక్కి వెళ్ళొచ్చు. చచ్చి పడిపోయిన పాత్ర లేచి పద్యం అందుకుని మళ్ళీ చచ్చిన కథలు కూడా చెప్పుకునేవాళ్ళు. హార్మోనిస్టు ఎంత గొప్పవాడంటే, నటుడు ఎక్కడ ఆగితే అక్కడ శ్రుతి పట్టుకుని కూర్చోగలిగినంత.

అదీ నా వినికిడి. కాలం నాకోసం ఆగుతుందని, ఆగాలని, చిన్నప్పుడే చెవిలో పడిపోయింది. పెద్దయ్యాక డెస్కు ఆ పాఠాన్నే ఇంకో రకంగా నేర్పింది. హోల్ట్ అనుకున్నట్టు వినికిడి ఎప్పుడూ సాయమే చెయ్యదు, కొన్నిసార్లు ఎదురుగా నిలబడుతుంది. తన వినికిడి తనకి అడ్డం పడ్డ పేజీ ఒక్కటున్నా ఆ పుస్తకం ఇంకా మంచిదయ్యేది.

*

మూడోది వేన్ బూత్. కథన శాస్త్రం చదివినవాళ్ళకి ఈయన పరిచయం అక్కర్లేదు. 1961లో 'ది రెటారిక్ ఆఫ్ ఫిక్షన్' రాసి, నమ్మదగని కథకుడు అనే మాటని విమర్శకుల నోళ్ళలో పెట్టినాయన. ముప్పై ఒకటో ఏట సెల్లో మొదలుపెట్టి, డెబ్భై దాటాక దాని మీద ఒక పుస్తకం రాశాడు: 'ఫర్ ది లవ్ ఆఫ్ ఇట్' (1999). భార్య వయొలిన్ వాయిస్తుంది. ఆమెతోనూ స్నేహితులతోనూ కలిసి క్వార్టెట్లు వాయించడం ఆయన జీవితంలో సగం సంతోషం.

మూడింట్లో నాకు దగ్గరైనది ఇదే. బూత్ తన వైఫల్యాలని నలభై ఏళ్ళపాటు మోశాడు. నెగ్గి చూపిద్దామన్న పంతం లేదు. 'అమెచ్యూర్' అన్న మాట వెనకున్న లాటిన్ ధాతువుకి అర్థం ప్రేమించడం అని గుర్తుచేసి, ఆ మాటకి పట్టిన చులకనని వదిలించే ప్రయత్నం చేశాడు. మనం 'ఏదో కాలక్షేపానికి' అని తీసిపారేసే పనిని ఆయన కాలక్షేపం కాదంటాడు. డబ్బు కోసం, పేరు కోసం చెయ్యని పనికే బతుకులో పెద్దపీట వెయ్యాలంటాడు.

ఇంకో ముఖ్యమైన విషయం: క్వార్టెట్‌లో తప్పు చేసినవాడి కోసం మిగతా ముగ్గురూ ఆగరు. ఆగితే నలుగురికీ పాట పోతుంది. పడ్డవాడు పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కడో ఒకచోట బండెక్కాలి. 'చెయ్యి ఆపకండి' అన్న మాటకి ఈ మూడు పుస్తకాల్లోకీ దగ్గరగా వచ్చింది బూత్ క్వార్టెట్టే.

కానీ బూత్ కూడా దానికి ప్రేమ అనే పేరు పెట్టేశాడు. పేరు పెట్టగానే విషయం మణికట్టు దాటి గుండెలోకి వెళ్ళిపోయింది. ప్రేమ ఉన్నంత మాత్రాన చెయ్యి ఆగకుండా ఉండదు. నిజానికి ప్రేమ ఎక్కువైతే చెయ్యి ఇంకా ఆగుతుంది. పాట మీద గౌరవంతోనే నేను ఆగాను, ఇంత మంచి పాటని పాడుచేస్తున్నానే అని. ఆగకపోవడానికి కావలసింది ప్రేమ కన్నా కొంచెం తక్కువ రకం గుణం. నిర్లక్ష్యానికి పక్కింట్లో ఉంటుంది. తెలుగులో దానికి మంచి మాట లేకపోలేదు: పోనీలే.

మూడు పుస్తకాలకీ ఉన్న ఒక ఉమ్మడి లోపం నాకు అక్కడ అర్థమైంది. ఇది ఆ రచయితల తప్పు కూడా కాదు, పుస్తకం అనే వస్తువు స్వభావం. పుస్తకాన్ని దిద్దొచ్చు. వెనక్కి వెళ్ళొచ్చు, కొట్టేయొచ్చు, మళ్ళీ రాయొచ్చు. మీరు చదువుతున్న ఈ వాక్యాన్ని నేను నాలుగుసార్లు మార్చాను, మీకు తెలియదు. ఇలా దిద్దుకోగలిగిన పని చేసేవాళ్ళు, దిద్దుకోడానికి వీల్లేని పని గురించి రాస్తే, అందులో తప్పులు కూడా తీర్చిదిద్దినట్టుంటాయి. ఒక్కో తప్పుకీ ఒక్కో పాఠం దొరుకుతుంది. స్ట్రమ్మింగ్‌లో తప్పుకి పాఠం ఉండదు. తప్పు వెళ్ళిపోతుంది, అంతే.

*

మన దగ్గర ఇలాంటి పుస్తకం నా బీరువాలో ఒక్కటీ లేదు. ఉన్నవి బాలమేధావుల కథలు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీ చేసిన పసితనం, పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఆరేళ్ళకే ఆ వాయిద్యం పట్టుకున్న వైనం. సంగీతం అంటే పుట్టుకతో వచ్చేది, లేకపోతే రానిది అన్న అభిప్రాయం మన జీవితచరిత్రల్లో గట్టిగా కూర్చుంది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి గిటారు సంచీ భుజానేసుకుని మెట్రో ఎక్కితే, ఎదుటి సీటాయన 'బాబుదా?' అని అడగడం అందుకే.

అయితే పుస్తకం లేదు గానీ, మాట ఉంది. మా ఆవిడ చిన్నప్పుడు రెండేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. నేను మూడో దెబ్బ దగ్గర కుంటుతుంటే చూసి, "ఆది తాళం వెయ్యండి" అంది. వేశాను. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. "ఆ విసురు దగ్గర చప్పుడుందా? మరి చెయ్యి ఆపారా?"

ఆపలేదు. అరచెయ్యి తిప్పి గాల్లోకి వదిలాను. మన తాళశాస్త్రం ఈ కదలికల్ని క్రియలంటుంది. చప్పుడు ఉన్నవి సశబ్ద క్రియలు, లేనివి నిశ్శబ్ద క్రియలు. ఆ పేర్లు పెట్టినవాళ్ళకి చప్పుడు లేనిది కూడా క్రియే. గిటారు పాఠాల్లో దాన్ని 'మిస్' అంటారు, అంటే తప్పిపోయిన దెబ్బ. మిస్ అనుకున్నంత కాలం నా చెయ్యి అక్కడ ఆగింది. క్రియ అనుకున్న వారం రోజుల్లో దిగడం మొదలుపెట్టింది. ఇది మన శాస్త్రం గొప్పా, వాళ్ళది తక్కువా అని చెప్పడం కాదు. ఒక మాట నా మణికట్టుకి అందింది, ఇంకొకటి అందలేదు, అంతే.

ఆ ఊపులో ఇంకో పని చేశాను. గురజాడ 'ముత్యాల సరములు' గిటారు మీద కొట్టి చూశాను. పాడటానికి కాదు, నడక కోసం. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. పాదానికి పద్నాలుగు మాత్రలు. ఈ లెక్క పాతికేళ్ళుగా నాకు తెలుసు, పరీక్షలో కూడా రాశాను. చేతితో కొడితే వేరే సంగతి తెలిసింది. ఏడు బేసి సంఖ్య. కిందకీ పైకీ వరసగా కొట్టుకుంటూ పోతే రెండో ఏడు మొదలయ్యేసరికి చెయ్యి కింద ఉంటుంది, దెబ్బ పైకి పడుతుంది. నడక తలకిందులవుతుంది. దానికి ఒక ఉపాయం, మూడు చివర డౌన్ కొట్టి, నాలుగు మొదట్లో మళ్ళీ డౌన్ కొట్టడం. డౌన్-అప్-డౌన్, డౌన్-అప్-డౌన్-అప్. రెండు డౌన్ల మధ్య, కాలం ఏమీ అదనంగా తీసుకోకుండా, చెయ్యి చప్పుడు లేకుండా పైకి రావాలి. ఆ చోటే మూడుకీ నాలుక్కీ మధ్య అతుకు. ఆ ఛందస్సులోని తూగంతా ఆ అతుకులో ఉందని నా చేతికి మొదటిసారి తెలిసింది.

అది 1910. గురజాడకి నలభై ఏడేళ్ళు. వచనం, నాటకం, పద్యం, ఇంగ్లీషు కవిత్వం అన్నీ అయ్యాక, ఆ వయసులో ఆయన తెలుగు కవితకి ఒక కొత్త నడక పట్టుకున్నాడు. నడివయసు సాధన గురించి తెలుగులో పుస్తకం లేదన్నాను. ఈ ఒక్క ఖండిక ఉంది.

*

ఇప్పుడు నాన్నగారి సంగతి.

పార్కిన్సన్స్‌లో కాళ్ళు ఉన్నట్టుండి నేలకి అతుక్కుపోతాయి. ముఖ్యంగా గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర. కాళ్ళలో బలం లేక కాదు, మొదలుపెట్టమన్న కబురు కాళ్ళకి సరిగ్గా అందక. బయటినుంచి ఒక లెక్క వినిపిస్తే చాలామందికి అడుగు పడుతుందని ఫిజియోథెరపిస్టు చెప్పాడు. ఒకటీ రెండూ అని లెక్కపెట్టమన్నాడు, లేదా మెట్రోనోమ్ పెట్టమన్నాడు. ఫోనులో మెట్రోనోమ్ పెట్టాను. నాన్నగారికి నచ్చలేదు. "ఆసుపత్రి గడియారంలా ఉందిరా" అన్నారు.

అప్పటికి నా సాధనంతా తీగలు మూసి కొట్టడమే. ఎడమచెయ్యి తీగల మీద ఊరికే ఆనించి, కుడిచేత్తో కొడితే స్వరం రాదు, చిక్ చిక్ అని వస్తుంది. లయ ఒక్కటే వినబడుతుంది. నేను హాల్లో కూర్చుని అది చేస్తుంటే, నాన్నగారు మంచం మీంచి లేచి తన గది గుమ్మం దాకా వచ్చి, ఆగకుండా గుమ్మం దాటారు. ఆ రోజు నుంచి సాయంత్రం ఆరింటికి అదొక కార్యక్రమం అయింది. నేను చిక్ చిక్ కొడతాను. ఆయన హాల్లో అటూ ఇటూ నడుస్తారు. ఇది వైద్యం అని నేను అనను. కొన్ని రోజులు పనిచేస్తుంది, కొన్ని రోజులు చెయ్యదు. మందు టైము దాటితే అసలు చెయ్యదు.

ఒకరోజు నాకు ఉత్సాహం పుట్టింది. తీగలు మూసి ఎంతకాలం కొడతాం, కార్డులు వేద్దామని జి, సి, డి మొదలుపెట్టాను. నాన్నగారు వంటింటి గుమ్మం వైపు వస్తున్నారు. సి దగ్గర వేలు జారింది, బొంయ్‌మంది. నా చెయ్యి ఆగింది.

గుమ్మం దగ్గర ఆయన కూడా ఆగిపోయారు. ఒక కాలు సగం ఎత్తి. నేను గిటారు పక్కన పడేసి లేచేలోపు మా ఆవిడ వెళ్ళి భుజం పట్టుకుంది. పడలేదు. ఆయన నావైపు చూసి, "ఏరా, ఆపావేం?" అన్నారు.

"తప్పు పడింది నాన్నా."

"ఎక్కడ? నాకు వినబళ్ళేదే."

హార్మోనిస్టుని ఎక్కడపడితే అక్కడ ఆపించిన మనిషి అడిగిన ప్రశ్న అది. నేను వేలు జారడం విన్నాను. ఆయన దెబ్బ ఆగిపోవడం విన్నారు. ఆయనకి కావలసింది అదొక్కటే, మిగతాదంతా నా గొడవ. నా తప్పుల్ని నాకన్నా శ్రద్ధగా ఎవరూ వినరన్న సంగతి యాభయ్యో ఏటికి దగ్గరపడ్డాక, ఒక గుమ్మం దగ్గర తెలిసింది.

మర్నాడు మాస్టారుకి చెప్పాను. అతను కాసేపేం మాట్లాడలేదు. తర్వాత, "తప్పులు దిద్దుకునే టైము వేరే పెట్టుకోండి అంకుల్. పొద్దున్న పావుగంట, మీకోసం. అప్పుడు ఎన్నిసార్లైనా ఆగండి. సాయంత్రం తాతగారికి కొట్టేటప్పుడు మాత్రం ఆగకండి" అన్నాడు. అలాగే చేస్తున్నాను. పొద్దున్న గుడ్లగూబని, సాయంత్రం క్వార్టెట్టుని. మార్కస్‌కీ బూత్‌కీ చెరో పూట ఇచ్చాను.

*

ఈ మూడింట్లో ఏది చదవాలని అడుగుతారు కాబట్టి: గిటారు కొనాలా వద్దా అని ఊగిసలాడుతుంటే మార్కస్‌ని చదవండి, కొంటారు. పిల్లలకి నేర్పేవాళ్ళు హోల్ట్‌ని చదవండి. కొని ఏడాదై, ఇంకా సరిగ్గా రాక, మానేద్దామా అనుకుంటున్నవాళ్ళు బూత్‌ని చదవండి. నాలుగో పుస్తకం ఎవరైనా రాస్తే, అందులో మెదడూ ప్రేమా కొంచెం తగ్గించి, ఒక మామూలు మంగళవారం నాడు కుడిచెయ్యి ఏం చేసిందో రాయమని నా మనవి. తెలుగులో రాస్తే మరీ మంచిది.

నా సంగతి అడిగితే, పదకొండు నెలలయింది. మూడో దెబ్బ దిగుతోంది. ఎఫ్ కార్డు ఇంకా రాదు, వస్తుందన్న నమ్మకం కూడా పెద్దగా లేదు. తొమ్మిదేళ్ళవాడికి పదొచ్చి, నాకన్నా చాలా ముందుకి వెళ్ళిపోయాడు. ఈ మధ్య నాన్నగారు నడుస్తూ నడుస్తూ తన పాత పద్యం ఒకటి ఎత్తుకుంటున్నారు, ఎప్పటిలాగే తాళం లేకుండా, ఒక్కో అక్షరం మీద తనకి ఇష్టమైనంతసేపు నిలబడుతూ. నోటితో అలా ఆగుతూనే, కాళ్ళతో మాత్రం నా చిక్ చిక్‌కి అడుగేస్తున్నారు. రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతున్నాయో తెలియదు. అలా వింటూ ఉంటే నా చెయ్యి ఆగబోతుంది. ఆపకుండా కొడుతున్నాను.